ఈ వారం సమస్య (పద్యానికి చివరి పాదం): "మూత మూసినంత మూగవోయె"

సమస్య ఇచ్చినవాడు, నల్లగొండ:
ఇది నాకు నిజంగా జరిగింది. కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు కొనుక్కొచ్చి, గిటార్ మోతను గరగరలాడించే రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్ పెడల్‌ను చిల్లుల డాట్ బోర్డు మీద కట్టి, 9 వోల్టుల బ్యాటరీ తగిలించి బల్ల మీద వాయిస్తే బ్రహ్మాండంగా మోగింది, స్టీలు డబ్బాలో పెట్టి మూత వేయగానే చప్పుడు లేదు. ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంది. పెడల్ ఆఫ్ చేస్తే గిటార్ నేరుగా వినపడాలి, అదీ వినపడదు. ఆటవెలదిలో పూరించండి, తప్పెక్కడో పద్యంలోనే చెప్పాలి.

దేవరకొండ నుంచి:
టంకమంటలేదు డబ్బి గట్టిగ నొక్క
సన్న తీగె కదిలి పక్కకొరిగె
ఎక్కడెక్కడంటు నెన్ని గంటలు చూడ
మూత మూసినంత మూగవోయె

నల్లగొండ:
తమ్ముడూ, "అంటలేదు" మన దగ్గరి మాట, దాన్ని మార్చొద్దు. రెండో పాదంలో యతి తప్పింది, "స"కు "ప" చెల్లదు. "సన్న తీగె కదిలి జరిగిపోయె" అంటే సరిపోతుంది. కానీ అతుకు ఊడితే ఎక్కువసార్లు చిటపటలో, గుయ్‌మనే హమ్మో వస్తుంది, నా పెడల్‌లో అదీ లేదు.

పాలమూరు నుంచి:
కాలు మారెనేమొ గాడి తప్పెను పాట
అటుది ఇటుకు వచ్చె అమరలేదు
బోర్డు తిప్పి చూసి పోల్చుకొమ్మని చెప్ప
మూత మూసినంత మూగవోయె

సూర్యాపేట నుంచి:
అన్నా, గణాలు, యతులు అన్నీ కుదిరాయి. బీసీ547 ట్రాన్సిస్టర్‌ను చదును ముఖం మనవైపు ఉండేలా పట్టుకుంటే మూడు కాళ్లూ ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్, అదే 2ఎన్3904కైతే ఎమిటర్ ముందు, కలెక్టర్ చివర, కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి పెడితే "అటుది ఇటుకు" నిజమే. అయితే ఆ తప్పు మూత తీసి ఉన్నా ఉంటుంది కదా, సౌండ్ బల్ల మీదే పీలగా వచ్చేది. "మూసినంత" అన్న మాటకు మీ పద్యంలో కారణం లేదు, సమస్య బరువంతా దాని మీదే ఉంది. నా పూరణ చూడండి (జాకు అంటే గిటార్ కేబుల్ గుచ్చే చోటు):

పెట్టె తెరచియుండ పెక్కు రీతుల మోగె
జాకు కొనకు రేకు జారి తగల
సిగ్నలంత నేల చేరిపోయెను గాన
మూత మూసినంత మూగవోయె

నల్లగొండ:
అక్కా, పద్యం చదివి అప్పుడే మల్టీమీటర్ తీశాను. బజర్ మీద పెట్టి, ఒక ప్రోబు జాకు కొనకు, అంటే టిప్‌కు, ఇంకోటి డబ్బాకు ఆనించి మూత నొక్కితే పీమంది! పెడల్ ఆఫ్‌లో ఉన్నా గిటార్ వినపడకపోవడానికి కారణం కూడా అదే, సిగ్నల్ లోపలికి రాకముందే డబ్బాలో కలిసిపోతోంది. గ్రౌండ్‌ను (డబ్బాకు కలిపిన వైపును) "నేల" అనడం నాకు చాలా నచ్చింది. ఒక్కటే మాట, "పెక్కు రీతుల" యతి కోసం వచ్చినట్టుంది, ఫజ్‌కు అన్ని రీతులు ఉండవు. "పెద్ద గొంతున మోగె" అంటే గణాలు చెడవు, అర్థమూ నిలుస్తుంది.

మూత లోపల ఇన్సులేషన్ టేపు రెండు వరుసలు వేసి, జాకును కొంచెం తిప్పి బిగించాను. రాత్రి గంటసేపు వాయించాను, మూత వేసే.