ఊనోకి డిస్‌ప్లే నుంచి టచ్ సరిగా అందడం లేదు, సాయం చేయండి

నమస్కారం అండీ. ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి, ఉష్ణోగ్రత చూపించడానికి నెక్స్టియన్ టచ్ డిస్‌ప్లే కలిపాను. 10, 11 పిన్ల మీద సాఫ్ట్‌వేర్ సీరియల్ (మామూలు పిన్ల మీద సీరియల్‌గా డేటా పంపి, అందుకునే లైబ్రరీ), రెండువైపులా బాడ్ రేటు (డేటా వేగం) 9600, గ్రౌండ్ ఉమ్మడి.

మొదట తెర మీద ఏదీ మారలేదు. కమాండ్ చివర రావాల్సిన మూడు 255 బైట్లను నేను ప్రింట్ (print) ఫంక్షన్‌తో పంపడం వల్ల అవి అక్షరాలుగా వెళ్ళాయి. రైట్ (write) ఫంక్షన్‌తో బైట్లుగానే పంపాక ఉష్ణోగ్రత చక్కగా కనిపిస్తోంది. ఆ చిన్న తేడా పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది!

ఇప్పుడు బటన్ నొక్కితే చాలాసార్లు ఊనోకి చెత్త బైట్లు వస్తున్నాయి. లూప్ తిరిగిన ప్రతిసారీ ఉష్ణోగ్రత పంపుతున్నాను. ఆ లైను తీసేస్తే ఒక్క టచ్ కూడా తప్పిపోదు. పంపేటప్పుడు సాఫ్ట్‌వేర్ సీరియల్ ఇంటరప్టులు (వచ్చే బైట్‌ను వెంటనే పట్టుకోవడానికి బోర్డును పిలిచే సంకేతాలు) ఆపేస్తుంది కాబట్టే ఇలా అవుతోందని నా అనుమానం.

విలువ మారినప్పుడే పంపితే సరిపోతుందా? బోర్డు అసలు సీరియల్ పోర్ట్ ఉన్న 0, 1 పిన్లకు మారిస్తే సీరియల్ మానిటర్ (బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో చూసే విండో) వదులుకోవాలి, అది లేకుండా తప్పులు వెతకడం నాకు కష్టం. సీరియల్ పోర్టులు ఎక్కువున్న ఆర్డుయినో మెగా బోర్డుకు మారకుండా దారి ఉంటే దయచేసి చెప్పండి.