డేజాన్‌లో ఉంటున్నాను, విటమిన్ బి12 తక్కువగా, 148 వచ్చింది. గిమ్ (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులు) తింటే సరిపోతుందా?

డేజాన్ పోస్ట్‌డాక్:
కొరియా వచ్చి మూడేళ్లు. మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టను. రెండు నెలలుగా అరికాళ్లలో తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉంటోంది. మొన్న బస్సు దిగుతుంటే కాలికి చెప్పు ఊడిపోయిన సంగతే తెలియలేదు, వెనకాయన పిలిచి ఇచ్చాడు. అప్పుడు భయమేసి టెస్ట్ చేయించుకుంటే బి12 148. హిమోగ్లోబిన్ మాత్రం 14.1, నార్మలే! నవంబర్‌లో హెల్త్ చెకప్ చేసి అంతా నార్మల్ అన్నారు.

ల్యాబ్‌లో మా కొరియన్ సీనియర్ "గిమ్ తిను, మా పల్లెల్లో ముసలివాళ్లకి బి12 అందులోంచే" అంటాడు. మా అమ్మేమో ఫోన్‌లో "పెరుగు మానేశావు కదూ" అని ఒకటే గోల. నిజమే, ఇక్కడ దొరికే తియ్యటి పెరుగు అన్నంలోకి పనికిరాదని మానేశా. ఎవరి మాట వినాలి?

సువాన్ పద్మ:
అమ్మ మాటే విను నాయనా. నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. కొరియన్ల బి12 ఎక్కువగా చేప, మాంసం, ఆల్చిప్పల సూప్‌ల నుంచి వస్తుంది. కిమ్చీలో కూడా ఉప్పు రొయ్యలో, చేప సాసో ఉంటుంది, చూసుకున్నావా? వాళ్ల పక్కన కూర్చుని మాంసం, గుడ్డు తీసేసిన బిబింబాప్ (కూరలు కలిపిన అన్నం గిన్నె) తింటే మనకి మిగిలేది అన్నం, పాలకూర, మొలకలు. ఫోలేట్ (ఇంకో బి విటమిన్) దండిగా వస్తుంది, బి12 సున్నా.

వాళ్లకీ లోటు లేకపోలేదు. పాలు తక్కువ తాగుతారు, అందుకే బి2 చాలనివాళ్లు ఇక్కడ చాలామందే. ఇక వాళ్ల తెల్లన్నం మోజు సంగతి... మా పక్కింటావిడకి అరవై దాటాయి. 1970లలో బడిలో టీచర్లు లంచ్ బాక్సులు తెరిపించి బార్లీ కలిపారా లేదా అని చూసేవాళ్లట. బియ్యం ఆదా చేయడానికి ప్రభుత్వం పెట్టిన నియమం. ఈవిడ తెల్లన్నం మీద పైపైన నాలుగు బార్లీ గింజలు చల్లుకుని వెళ్లేదట! ఇప్పుడు అదే బార్లీ ఆరోగ్యమని డబ్బిచ్చి కొంటోంది.

హైదరాబాద్ డైటీషియన్:
ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, తిండి సంగతి తర్వాత. తిమ్మిరి మొదలయ్యాక గిమ్‌తో ప్రయోగాలు చేయకండి.

మీ సీనియర్ మాట పూర్తిగా తప్పు కాదు. కొరియాలో వందేళ్లు దాటినవాళ్ల మీద చేసిన సర్వేల్లో, మాంసం పెద్దగా తినకపోయినా బి12 బాగానే ఉన్నవాళ్లు కనిపించారు. దోయెన్‌జాంగ్, చోంగుక్‌జాంగ్ లాంటి పులియబెట్టిన సోయా, గిమ్ కొంత ఇస్తున్నాయని తేలింది. కానీ పులియబెట్టినవాటిలో ఎంతుందో ఒక జాడీకీ ఇంకో జాడీకీ పోలిక ఉండదు. గిమ్ పెద్ద షీటు బరువే రెండు మూడు గ్రాములు. స్పిరులినా (పొడిగా, మాత్రలుగా అమ్మే నాచు) జోలికి అసలు పోవద్దు, దాంట్లో ఉన్నదాన్ని మన ఒంట్లో బి12గా వాడుకోలేం.

హిమోగ్లోబిన్ బాగుందని మోసపోకండి. ఇక్కడ ఫోలేటే తెర వేస్తుంది. ఆ ఫోలేట్‌కే మందు రూపమైన ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు, కాబట్టి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు! కానీ ఫోలేట్ బాగా అందుతుంటే బి12 తగ్గినా రక్తహీనత బయటపడకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూ ఉంటాయి.

రోజుకి కావలసింది 2.4 మైక్రోగ్రాములు. పెద్ద గ్లాసు పాలలో సుమారు 1.2 ఉంటుంది. లోటు పూడ్చడానికి మాత్రం ఇంజెక్షనో మాత్రో తప్పదు. ఫార్మసీలో రెండు మూడు రకాల బి కాంప్లెక్స్‌లు కలిపి మింగకండి. బి6 ఎక్కువైతే అదీ తిమ్మిరే తెస్తుంది.

డేజాన్ పోస్ట్‌డాక్:
మూడు వారాల అప్‌డేట్. ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. తిమ్మిరి పోలేదు గానీ రాత్రి నిద్ర పడుతోంది. ఈలోపు ఒక స్నేహితుడిచ్చిన బి కాంప్లెక్స్ రెండు రోజులు వేసుకుంటే వెల్లుల్లి తేన్పులు, మూత్రం హైలైటర్ పెన్ను రంగు! డాక్టర్ నవ్వి, రంగు బి2 వల్ల, వాసన వెల్లుల్లితో చుట్టరికం ఉన్న బి1 వల్ల అన్నాడు. ఆపేశా.

కిమ్చీ డబ్బా లేబుల్ కూడా చదివించా పద్మక్కా, మీరన్నదే నిజం. మూడేళ్లుగా రొయ్యలు తింటున్నానన్నమాట. అమ్మకి చెప్పలేదు.

మీ దగ్గర పెరుగు తోడు ఉందా? శనివారం రైలెక్కి వస్తా, గిన్నె నేనే తెచ్చుకుంటా.