అప్‌డేట్: లోరా నోడ్ జాయిన్ అవుతోంది, తప్పు యాంటెన్నాది కాదు

నా లోరా నోడ్ (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో ఉన్న చిన్న పరికరం) నెట్‌వర్క్‌లో ఎందుకు చేరట్లేదని పోయిన నెల అడిగింది నేనే. పొలంలో మోటారు షెడ్డు దగ్గర పెట్టిన ప్రో మినీ (చిన్న ఆర్డుయినో బోర్డు) నోడ్ జాయిన్ రిక్వెస్టు, అంటే చేర్చుకోమనే సందేశం, పంపేది; మేడ మీది గేట్‌వే (నోడ్‌ని నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) విని జవాబిచ్చేది, నోడ్‌కి మాత్రం అందేది కాదు.

యాంటెన్నా మార్చమని చాలామంది అన్నారు. మార్చాను, డబ్బులు దండగ. బోర్డు గడియారం (క్లాక్) చూడమన్న అన్నగారు చెప్పిందే నిజమైంది.

ఈ బోర్డులో గడియారాన్ని నడిపేది క్రిస్టల్ కాదు, అంత కచ్చితం కాని సిరామిక్ రెజొనేటర్. అర శాతం దాకా తేడా రావచ్చు. జాయిన్ జవాబు రిక్వెస్టు పంపిన 5 సెకన్లకు వస్తుంది, నోడ్ సరిగ్గా అప్పుడే కాసేపు వింటుంది కాబట్టి అర శాతమంటే 25 మిల్లీసెకన్ల తేడా. ఎస్ఎఫ్7లో (లోరాలో వేగంగా పంపే సెట్టింగు) ప్రియాంబుల్, అంటే సందేశం మొదట్లో వచ్చే గుర్తు సిగ్నల్, మొత్తం 13 మిల్లీసెకన్లు కూడా ఉండదు! నా నోడ్ చెవి తెరిచేసరికి బండి వెళ్లిపోయేది. ఎప్పుడైనా బాగా నెమ్మదైన ఎస్ఎఫ్12కి దిగాక కలిసేది అందుకే, అక్కడ ఒక్క సింబలే (సిగ్నల్‌లో ఒక ముక్క) 32 మిల్లీసెకన్ల పైన.

నోడ్‌లో లోరా పని చూసే ఎల్‌మిక్ లైబ్రరీలో క్లాక్ ఎర్రర్ (గడియారం ఎంత తప్పొచ్చో చెప్పే సెట్టింగు, దాన్నిబట్టి నోడ్ ముందే వినడం మొదలుపెడుతుంది) 1 శాతం ఇచ్చినా మొదట తేడా లేదు. ఆ లైబ్రరీ మామూలుగా 0.4 శాతం దాటనివ్వదు. ఆ పరిమితి ఎత్తేసే డిఫైన్ లైను లైబ్రరీ కాన్ఫిగ్ ఫైల్లో పెట్టాకే ఎస్ఎఫ్7లో మొదటిసారికే జాయిన్ అయింది.

పవర్ ఎల్ఈడీ కూడా పీకేశాను. స్లీప్ కరెంటు (నోడ్ పని లేనప్పుడు వాడే కరెంటు) ఇంకా ఎక్కువే, రెగ్యులేటర్ మీద అనుమానం. దానికి వేరే ప్రశ్న పెడతాను.