క్యూబెక్ ఫ్రెంచి బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు అవసరమా?

పలక_బలపం: 2006 నుంచి కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం ఫ్రెంచి బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు తప్పనిసరి. అంతకుముందు మూడో తరగతిలో మొదలయ్యేది. వలస వచ్చినవాళ్ళ పిల్లలు ఫ్రెంచి బడుల్లోనే చదవాలనే 101వ చట్టం వల్ల అక్కడి మన పిల్లలు చాలామంది వెళ్ళేది ఆ బడులకే. అక్షరాలు కూడబలుక్కునే వయసులో ఇది తప్పంటాను. సీ-హెచ్-ఏ-టీ ఫ్రెంచిలో 'షా', అంటే పిల్లి. ఇంగ్లీషులో 'చాట్'. ఆరేళ్ళ బిడ్డ దేన్ని పట్టుకోవాలి?

సరళ_టీచర్: బలపం గారూ, మొదటి రెండు తరగతుల సిలబస్‌లో ఇంగ్లీషు రాత లేదండీ. పాటలు, కథలు వినడం, విన్నది చేసి చూపడం, చిన్న మాటలు పలకడం, అంతే. మీ పిల్లి చిక్కు బోర్డు మీద రాస్తేనే వస్తుంది. బొమ్మ చూపించి పలికించాలి.

కోనసీమ_కుర్రాడు: ఆంధ్రాలో 2019లో ఇదే గొడవ. మర్నాడే హైకోర్టు జీవో కొట్టేసింది.

సరళ_టీచర్: మర్నాడు కాదు, 2020లో. పైగా అది మీడియం గొడవ, లెక్కలూ ఇంగ్లీషులోనే అన్నారు. ఇక్కడ ఇంగ్లీషు ఒక సబ్జెక్టు.

పలక_బలపం: గోడ మీద వారాల పేర్ల చార్టు తగిలిస్తే? అది రాత కాదా?

సరళ_టీచర్: మళ్ళీ ఆ నాలుగక్షరాల దగ్గరికే వచ్చారు! అసలు చిక్కు గంటల్లో ఉంది. బడి వారానికి 25 గంటలు. చిన్న తరగతుల్లో ఫ్రెంచికి 9, లెక్కలకు 7. మిగతా 9లోనే ఆటలు, కళలు, ఇంగ్లీషు ఇమడాలి. ఇంగ్లీషుకి ఇన్ని గంటలని లేదు. వారానికి ఒక్క గంట ఒకేసారి చెబితే మళ్ళీ వారానికి మరిచిపోతారు. రెండు అరగంటలు చేస్తే నిలుస్తుంది. కానీ సామాను మోసుకుంటూ గది గదికీ తిరిగే టీచరుకి, ఆ అరగంటలో కొంత సర్దుకోవడానికే పోతుంది.

మెట్రో_లైన్: ఆరో తరగతిలో ఐదు నెలలు ఇంగ్లీషే గట్టిగా చెబితే సరి.

పలక_బలపం: నేనూ అదే అంటా.

సరళ_టీచర్: అప్పుడు తక్కిన సబ్జెక్టులన్నీ మిగతా ఐదు నెలల్లో అవగొట్టాలి. లెక్కల్లో వెనకబడిన పిల్లకి అది మోయలేని బరువు. అన్ని బడుల్లోనూ పెడతామని 2011లో ప్రకటించి, 2013లో వెనక్కి తగ్గారు.

పలక_బలపం: అయితే సూటిగా చెబుతా. ఇంట్లో తెలుగు, ఫోన్లో ఇంగ్లీషు. మాంట్రియల్‌లో మన పిల్లలకి ఫ్రెంచి దొరికేది బడిలోనే. ఆ గంట కూడా ఫ్రెంచికే ఇవ్వాలి!

సరళ_టీచర్: ఈ మాట మొదటే అనాల్సింది. మాంట్రియల్ వరకు మీతో ఏకీభవిస్తా. కానీ క్యూబెక్‌లోనే ఉన్న సాగనేలో ఊరంతా ఫ్రెంచే. అక్కడి పిల్లకి ఆ గంట తీసేస్తే ఇంగ్లీషు ఎవరు మాట్లాడి వినిపిస్తారు?