ఆతిథ్య కుటుంబాల తనిఖీకి సీనియర్ సభ్యులను ఒప్పించడం ఎలా?

గోదావరి_గట్టు (ప్రశ్న)
అందరికీ నమస్కారం. ఈ ఏడాది మా రోటరీ క్లబ్బులో యూత్ ఎక్స్ఛేంజ్ (వేర్వేరు దేశాల విద్యార్థులు ఒకరి దేశానికి ఒకరు వెళ్లి స్థానిక కుటుంబాలతో ఉండే కార్యక్రమం) ఆఫీసర్ బాధ్యత నాకు అప్పగించారు. ఆగస్టులో జర్మనీ నుంచి పదహారేళ్ల అమ్మాయి ఒక విద్యా సంవత్సరం ఉండటానికి మా ఊరికి వస్తోంది. ఆమెకు వంతులవారీగా ఆతిథ్యమిచ్చేందుకు మూడు ఇళ్లు అనుకున్నాం. రెండు కుటుంబాల పని పూర్తయింది. మూడో ఇల్లు మా క్లబ్బు పూర్వాధ్యక్షులది. పోలీసు ధ్రువీకరణ పత్రం కావాలని, మీ గురించి బయటివారిని విచారిస్తామని, ఇల్లు వచ్చి చూస్తామని చెప్పగానే ఆయన నొచ్చుకున్నారు. "ముప్పై ఏళ్లుగా నన్ను ఎరిగినవాళ్లే నా గురించి పోలీసులను అడుగుతారా?" అన్నారు. ఈ ఊళ్లో కంటి శిబిరాలు ఆయన వల్లే నిలబడ్డాయి కాబట్టి ఆయన మనసు కష్టపెట్టడం నాకూ బాధగానే ఉంది. ఆయన ఒక్కరికీ మినహాయింపు ఇద్దామని కొందరు సభ్యులు అంటున్నారు. ఇలాంటి పరిస్థితి ఎదురైనవారు ఏం చేశారో దయచేసి చెప్పండి.

పాత_కార్యకర్త
మినహాయింపు మాత్రం ఇవ్వకండి. నేను రోటరీ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని క్లబ్బుల సమూహం) కమిటీలో పనిచేసినన్నాళ్లూ ఎక్కువగా ఎదురైన చిక్కు ఇదే. ఈ కార్యక్రమం నడపాలంటే డిస్ట్రిక్టుకు రోటరీ ఇంటర్నేషనల్ ధ్రువీకరణ ఉండాలి; ఒక క్లబ్బు ఒక ఇంటిని తనిఖీ లేకుండా వదిలేస్తే డిస్ట్రిక్టులోని విద్యార్థులందరి అవకాశమూ ప్రమాదంలో పడుతుంది. పెద్దాయనతో ఈ మాటే చెప్పండి, అప్పుడు అది ఆయన శీలానికి సంబంధించిన ప్రశ్నగా ఉండదు. మా క్లబ్బులో మేము మరో పని కూడా చేశాం. వారపు సమావేశంలో ముందుగా అధ్యక్షుడు, ఆ తరువాత నేను, ఆపైన కౌన్సెలర్ (విద్యార్థి మంచిచెడ్డలు చూడటానికి క్లబ్బు నియమించే వ్యక్తి) అందరి ఎదుటా మా పత్రాలు నింపి సంతకాలు చేశాం. ఆ తరువాత ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఒక విషయం మన ఇళ్లలో తరచుగా మరచిపోతుంటారు. తనిఖీ దంపతులిద్దరితో ఆగదు. ఆ ఇంట్లో పూర్తిగా గాని, అప్పుడప్పుడు గాని ఉండే వయోజనులందరికీ, అంటే సెలవులకు వచ్చే కొడుక్కి, అక్కడే ఉండే పనివారికి కూడా అది వర్తిస్తుంది. కౌన్సెలర్ ఆ కుటుంబ సభ్యుడై ఉండకూడదు. అమ్మాయికి ఇంట్లో ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి ఆ ఇంటితో సంబంధం లేని మనిషి ఒకరుండాలి. చెప్పి వెళ్లే సందర్శనతో పాటు చెప్పకుండా వెళ్లే సందర్శన కూడా ఉంటుందని ఇప్పుడే తెలియజేయండి.

విశాఖ_అమ్మ
మా అమ్మాయి ఇంటర్మీడియట్ ముగించుకుని బ్రెజిల్‌కు ఏడాది పాటు వెళ్లింది. విమానాశ్రయంలో బిడ్డను సాగనంపేటప్పుడు ఆ కుటుంబం గురించి నాకు తెలిసిందల్లా ఎవరో వారి ఇంటికి వెళ్లి చూసి వచ్చారన్న ఒక్క మాటే. ఆ ఏడాదంతా నేను నిద్రపోగలిగింది ఆ మాట మీదే. మూడో నెలలో ఇంట్లో చిన్న మనస్పర్థ వచ్చినప్పుడు అమ్మాయి ముందు నాకు కాదు, తన కౌన్సెలర్‌కే ఫోన్ చేసింది; వారంలో ఆవిడే దాన్ని సర్దుబాటు చేశారు.

మీ పెద్దాయనకు నిబంధనల పుస్తకం చూపించకండి. అమ్మాయి దరఖాస్తులో ఆమె తల్లిదండ్రులు ఆతిథ్య కుటుంబాన్ని ఉద్దేశించి రాసిన ఉత్తరం ఉంటుంది. దాన్ని ఆయన చేతికిచ్చి, తీరిగ్గా చదవమనండి.

గుంటూరు_న్యాయవాది
పైవారి మాటలతో ఏకీభవిస్తూ చట్టపరమైన సంగతులు కొన్ని చెబుతాను. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి 2012 నాటి పోక్సో చట్టం (లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే చట్టం) వర్తిస్తుంది. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా, పోలీసులకు తెలియజేయడం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి వ్యక్తి బాధ్యత; జరిగిందని తెలిసీ దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. క్లబ్బు పెద్దలు కూర్చుని స్వయంగా విచారణ జరిపి రాజీ కుదర్చడానికి ఇక్కడ ఏమాత్రం తావు లేదు. ఆరోపణ వస్తే 72 గంటల్లోపు రోటరీ ఇంటర్నేషనల్‌కు కూడా తెలపాలి.

అమ్మాయి వచ్చిన 24 గంటల్లోపు ఆతిథ్యమిచ్చేవారు ఆమె తమ ఇంట ఉంటోందన్న సమాచారాన్ని (ఇదివరకు దీన్ని ఫారం సి అనేవారు) ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. ఇల్లు మారినప్పుడు కొత్త ఇంటివారు కూడా అదే పని చేయాలి. వీసా 180 రోజులకు మించినదైతే 14 రోజుల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయంలో నమోదు చేయించండి.

గోదావరి_గట్టు
అందరికీ కృతజ్ఞతలు. మొన్నటి సమావేశంలో మా అధ్యక్షులే ముందుగా పత్రం నింపారు. ఆ సాయంత్రం నేను పెద్దాయన ఇంటికి వెళ్లి ఉత్తరం ఇచ్చి వచ్చాను. మర్నాడు ఆయనే ఫోన్ చేసి, భార్యాభర్తలిద్దరి పత్రాలూ సిద్ధంగా ఉన్నాయని, ఇల్లు చూడటానికి ఎప్పుడైనా రావచ్చని చెప్పారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చే వారి అబ్బాయి పత్రం ఇంకా రావలసి ఉంది. అది అందేవరకు మూడో ఇంటిని ఖరారు చేయడం లేదని ఆయనకు చెప్పాను, ఆయన సరేనన్నారు.