ఒడ్డు వరుస వదిలితే చాలునా? కోరింగ మడ అడవి పాయలపై చర్చ

తాళ్లరేవు పాఠకుడు:
పాయల ఒడ్డున పది బారల వెడల్పున చెట్లను వదిలేసి, లోపలి మడను వంతులవారీగా వంటచెరకుకు కొట్టుకోనిస్తే చేపకు గానీ పీతకు గానీ నష్టమేమీ ఉండదని మా ఊళ్లో ఒక పెద్దాయన గట్టిగా వాదిస్తున్నారు. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో తెలిసినవారు చెప్పగలరు.

గౌతమి ఒడ్డు:
ఆయన మాటలో పస ఉంది. అమెరికాలో ఆరెగాన్ కొండల్లోని ఆల్సీ పరీవాహక ప్రాంతంలో 1966లో పక్కపక్కనే ఉన్న వాగుల వెంట అడవి నరికి చూశారు. నీటి అంచు దాకా నరికిన వాగులో ఏడాది తిరిగేసరికి నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత 14 డిగ్రీల నుంచి 29 డిగ్రీలకు చేరింది, అక్కడి ట్రౌట్ చేపలు బాగా తగ్గిపోయాయి; ఒడ్డు వెంట చెట్లనూ పొదలనూ వదిలిన వాగులో మాత్రం నరికివేత వల్ల నీరు వేడెక్కిన జాడ కనిపించలేదు. మన పాపికొండల వాగులకైనా, కోరింగ పాయలకైనా ఇదే సూత్రం వర్తిస్తుందని నా అభిప్రాయం.

మడపాయ:
పాపికొండల వాగులకు వర్తిస్తుందండీ, అందులో పేచీ లేదు. అక్కడ నేల వాలుగా ఉంటుంది. నీడ పోవడం, ఒడ్డు మట్టి జారడం వంటి హాని వాగు అంచునే మొదలవుతుంది కనుక అంచున వదిలిన వరుస దాన్ని ఆపుతుంది. మడ నేల బల్లపరుపు. ఇక్కడ హాని మొదలయ్యేది పాయ అంచున కాదు, మీరు కొట్టుకోవచ్చంటున్న ఆ లోపలి ముక్కలోనే.

1978లో అభయారణ్యంగా ప్రకటించక ముందు ఈ అడవిని కూపులుగా విడగొట్టి, ఒక్కో కూపును మొత్తంగా నరికేవారు. నీడ పోయిన బురద ఎండకు ఆరి, వేళ్లు కుళ్లి, నేల పళ్లెంలా దిగిపోతుంది. పెద్ద పోటుకు లోపలికి ఎక్కిన నీరు పాటుకు తిరిగి పోలేక అక్కడే నిలిచి ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఉప్పుకు అన్నిటికన్నా ఎక్కువగా ఓర్చుకునే తెల్ల మడ విత్తనం పడినా అందులో నిలదొక్కుకోలేదు; ఇలకూర తప్ప మరేమీ మొలవని ఆ తెల్లటి మడుగును పాయలో పడవ మీద పోయేవారు ఒడ్డు వరుస చాటున చూడనైనా చూడరు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు వేసవిలో వచ్చే మంచినీరు అసలే అంతంతమాత్రం కనుక ఆ ఉప్పు కడిగే దారి కూడా లేదు.

ఇక మేత సంగతి. పోటుపాటులతో లోపలి ఆకు కుళ్లి పాయలోకి రావాలి, పీతలు లాక్కుపోయిన ఆకు బొరియల్లో చివికిపోవాలి. రొయ్య పిల్లకు అదే తిండి. ఆ రొయ్యనూ చేపనూ నమ్ముకున్నవే నీటికుక్కా, బావురుపిల్లీ. పది బారల వరుస రాల్చే ఆకు వీటికి ఏ మూలకు?

వలకర్ర:
మా నాన్న చేప వేటలోనే బతికారు, నేనూ కొంతకాలం చేశాను. వలకట్టుకు కర్ర కావాలంటే పాటు సమయంలో మోకాలి లోతు బురదలో దిగి, పెన్సిళ్లలా పైకి లేచిన మడ వేళ్లు అరికాలికి గుచ్చుకోకుండా అడుగులేస్తూ పోవాలి. తిల్ల చెట్టును కొడితే పాలు కంట్లో పడతాయని మొహం పక్కకు తిప్పుకొని కత్తి వేసేవాళ్లం. అలా తెచ్చిన నాలుగు కర్రలకు అటవీ శాఖ వాళ్లు నన్ను ఒకసారి రోజంతా కూర్చోబెట్టారు. రొయ్యల చెరువులకు ఎకరాలకు ఎకరాలు పోయిన చోట కర్ర కొట్టినవాణ్ణి మాత్రమే లెక్కలోకి తీసుకోవడం న్యాయమేనా?

మడపాయ:
న్యాయం కాదు. నేను కాదంటున్నది కూపు నరికివేతను. అక్కడొకటి ఇక్కడొకటి కర్ర తీస్తే పైన కొమ్మల నీడ మిగులుతుంది, నేల ఎండదు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం మీ పట్ల అన్యాయమే.

గౌతమి ఒడ్డు:
నేల దిగిపోయే సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. మరి పాత కూపుల్లో ఇప్పుడు కొంతమేర పచ్చదనం కనిపిస్తోంది కదా, అదెలా వచ్చింది?

మడపాయ:
దానంతట అది రాలేదు. 1990ల చివర నుంచి అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ గ్రామస్థులతో కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. నడుమ పెద్ద కాలువ పాయలో కలుస్తుంది, దానికి ఏటవాలుగా ఇరువైపులా పిల్ల కాలువలు ఉంటాయి. పోటు నీరు లోపలికి ఎక్కి మళ్లీ బయటకు పోవడం మొదలై ఉప్పు తగ్గాక, ఆ కాలువల అంచుల్లోనే మొక్కలు నాటారు. గొడ్డలితో కొన్నాళ్లలో చేసిన పనిని సరిదిద్దడానికి ఎకరం వెంట ఎకరం పారలతో తవ్వాల్సి వచ్చింది.