హెరాల్డ్ ఛాసీ మీద అల్యూమినియం బాడీ: మడ్‌గార్డు నడుమ టప్ టప్, అంచున చీలిక

అనంతపురం_ఛాసీ

స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు ఛాసీ (బాడీని మోసే ఇనుప చట్రం) ఒకటి ఉండాది. పాత బాడీ తుప్పు తినేసింది. దాని మీద 1960ల నాటి రెండు సీట్ల ఓపెన్ స్పోర్ట్స్ కారు పోలికలో అల్యూమినియం బాడీ చేత్తో కొడతాండాము. చక్రాల నడుమ దూరం 2324 మి.మీ. అట్లే ఉంచినాము, ఛాసీ కోయలేదు. 18 మి.మీ. ప్లైవుడ్డుతో అచ్చు అయింది, అడ్డ పలకలు 150 మి.మీ.కి ఒకటి. రేకు 3003 రకం అల్యూమినియం, హాఫ్ హార్డ్ (సగం గట్టిది), 18 గేజి (1.2 మి.మీ.). వీలింగ్ మిషన్ (వీల్ అంటాము, రెండు ఉక్కు చక్రాల నడుమ రేకు నడిపి సాగదీసేది), ఇసుక సంచి, కొయ్య సుత్తులు రెండు ఉండాయి.

ఇబ్బంది ముందు మడ్‌గార్డు కాడ. హెడ్‌లైటు వెనక ఉబ్బు కోసం రేకు నడుమ సంచి మీద కొట్టి వీల్ మీద నునుపు చేసినాము. అచ్చు మీద పెడితే అంచు అలలు అలలుగా లేచి నిలబడతాంది. అణచబోతే ఒక చోట 20 మి.మీ. చీలింది. నడుమ అరచేయంత జాగా వేలితో నొక్కితే టప్‌మని లోపలికి పోయి మళ్ళీ టప్‌మని వస్తాంది. 16 గేజి తీసుకోవల్సిందా? అతుకులు గ్యాసు మంటతో వెల్డింగ్ మేలా, ఆర్గాన్ (కరెంటు వెల్డింగ్) మేలా?

కర్నూలు_టింకరింగ్

గేజి తప్పు కాదన్నా. మూడిట్లకీ మూలం ఒకటే: ఆ ఉబ్బుకు నడుమ సాగదీస్తే చాలదు, అంచు కుదించల్ల. బల్లపరుపు రేకు గిన్నె కావల్లంటే నడుమ వైశాల్యమన్నా పెరగల్ల, చుట్టు పొడవన్నా తగ్గల్ల. మీరు మొదటిదొక్కటే చేసినారు. నడుమ పల్చబడింది, అంచు మాత్రం మొదటి పొడవులోనే ఉండిపోయింది. అచ్చు చుట్టుకొలతకు ఆ పొడవు ఎక్కువ, అందుకే అలలు. గట్టిపడిన అంచును కాల్చకుండా కొట్టినారు, అందుకే చీలిక. టప్ టప్ అంటే ఆ అరచేయంత జాగా చుట్టుపక్కల రేకు కంటే ఎక్కువ సాగిందని.

యాడ సాగదీయల్ల, యాడ కుదించల్ల అనేది సుత్తి పట్టకముందే కాగితం చెప్తుంది. బ్రౌన్ పేపరు అచ్చు మీద పరిచి టేపు వేయండి. పేపరు మడతలు పడే చోట రేకు ఎక్కువైనట్టు, అక్కడ కుదింపు. కత్తెరతో గాటు పెడితే గానీ పరుచుకోని చోట, గాటు ఎంత తెరుచుకుంటే అంత సాగదీయల్ల. ఆ కొలతలు పేపరు మీదనే రాసి, చుట్టూ 25 మి.మీ. ఎక్కువ వదిలి రేకు కత్తిరించండి. గీతలకు మార్కర్ పెన్నే వాడండి. సూదిమొన గీటు రేపు చీలికవుతుంది. కత్తెర వదిలిన పళ్ళు కూడా అంతే. అంచు ఫైలు పట్టి గుండ్రం చేయనిదే సుత్తి తాకించొద్దు.

కాల్చి మెత్తబరచడం ముఖ్యం. అల్యూమినియం ఇనుము మాదిరి ఎర్రబడి చెప్పదు, 650 డిగ్రీల కాడ ఉన్నట్టుండి కారిపోతుంది. మనకు కావల్సింది 350-400. బట్టల సబ్బు బిళ్ళ రేకు మీద రుద్ది, వెనక పక్క నుంచి మంట ఆడించండి. సబ్బు గీత ముదురు గోధుమ నుంచి నలుపుకు తిరగ్గానే మంట తీసేయల్ల. లేదంటే ఆక్సిజన్ లేకుండా ఎసిటిలీన్ ఒక్కటే వెలిగించి మసి పట్టించి, మామూలు మంటతో ఆ మసి పోయేవరకు కాల్చండి. నీడలోనే చేయండి, మన ఎండలో మసి పోయిందీ లేనిదీ కంటికి తెలీదు. ఈ జాతి రేకు నీళ్ళతో చల్లార్చినా గాలికి వదిలినా ఒకటే. కొట్టేకొద్దీ శబ్దం మొద్దుగా ఉన్నది కణకణమంటుంది, సుత్తి ఎగురుతుంది. అప్పుడు ఆపి మళ్ళీ కాల్చల్ల.

కుదించేదానికి 10 మి.మీ. రాడ్లు రెండు, నడుమ 3 మి.మీ. సందు పెట్టి పైపు పిడికి వెల్డ్ చేసుకోండి. అంచు ఆ సందులో పెట్టి తిప్పితే చీర కుచ్చిళ్ళ మాదిరి మడత లేస్తుంది. లోపలికి 60-70 మి.మీ. వరకు, మడతకూ మడతకూ 80-100 మి.మీ. ఎడం. గట్టి దిమ్మె మీద పెట్టి కొయ్య సుత్తితో ఈ పక్కా ఆ పక్కా మార్చి మార్చి అణచండి, రేకు విప్పుకోకుండా తనలోకే దిగల్ల. మడత పక్కకు వాలి రేకు మీద రేకు పడిందో, కథ ముగిసినట్టే, అక్కడ చీలుతుంది. ఈ పని ఇసుక సంచి మీద కాదు. మాంసం అంగట్లో వాడే చింత మొద్దు దొరికితే ఒక పక్క 150 మి.మీ. వెడల్పు, 25-30 మి.మీ. లోతు గుంట తొలిపించుకోండి, సంచి కంటే తొందరగా ఆకారం వస్తుంది.

ఇప్పుడున్న ముక్క నడుమ మందం కొలవండి. 0.8 కంటే తగ్గి ఉంటే పక్కన పెట్టేయండి, ఫైలు పడితే చిల్లే. మందం ఉంటే టప్ టప్ జాగా జోలికి పోకుండా దాని చుట్టూ వీల్ తేలిగ్గా నడపండి, వరసకూ వరసకూ 10 మి.మీ. ఎడంతో, రెండో సారి అడ్డంగా. చుట్టుపక్కల రేకు అంతే సాగితే నడుమ దానికదే బిగుస్తుంది. అందరూ చేసే తప్పు ఆ ఉబ్బునే మళ్ళీ కొట్టడం. వీల్ బిగింపు తక్కువ పెట్టి ఎక్కువ సార్లు నడపల్ల.

అచ్చు మీద పెట్టి కొట్టొద్దు. అది సరిచూసుకునేదానికే. హెడ్‌లైటు కాడ పలకలు 150 చాలవు, 75కి ఒకటి వేయండి.

కడప_ఆర్గాన్

అతుకుల సంగతి. మడ్‌గార్డు ఒకే ముక్కలో తీయాలనుకోకండి, నాలుగైదు ముక్కలు చేసుకోండి. అతుకు ఎక్కడ రావాలో ముందే ఆలోచించాలి: వెనక నుంచి డాలీ (సుత్తి దెబ్బకు ఆనించే ఇనుప దిమ్మె) పెట్టడానికి చేయి దూరే చోట, కొంచెమైనా వంపు ఉన్న చోట. చదునైన జాగాలో అతుకు వేస్తే వెల్డింగ్ లాగిన లాగుడు తీయడం గగనం.

అంచుకు అంచు ఆనించి వేయాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కించొద్దు. ఎక్కిస్తే నడుమ నీళ్ళు నిలుస్తాయి, సుత్తితో సర్దడం కూడా కుదరదు. సందు కాగితం కూడా దూరనంతగా ఉండాలి. సందు ఎక్కువుంటే రాడ్డుతో నింపుదామనుకుంటారు, ఆ నింపిందే చల్లారేటప్పుడు లాగేస్తుంది. 25 మి.మీ.కి ఒక చుక్క, నడుమ నుంచి రెండు వైపులా. చుక్కలయ్యాక అచ్చు మీద పెట్టి చూసి, సుత్తితో సర్దుకుని, అప్పుడు పూర్తి వెల్డింగ్.

ఆర్గాన్ అయితే ఏసీ కరెంటే. 1.2 రేకుకు 40-55 ఆంపియర్లు, గ్యాసు నిమిషానికి 6-8 లీటర్లు, 1.6 రాడ్డు. ఫ్యాన్ ఆపేయండి, వేసవిలో ఇదే పెద్ద పరీక్ష. గాలి తగిలితే అతుకంతా నల్ల చుక్కలు, సన్న రంధ్రాలు. వేసే ముందు థిన్నరుతో తుడిచి, ఆరాక స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో గీకాలి, ఆ బ్రష్ ఇనుము మీద ఎప్పుడూ వాడకూడదు. అంగట్లో ఎక్కువగా ఇచ్చే 4043 రాడ్డు గట్టిగా ఉంటుంది, సుత్తికి రేకంత లొంగదు. అదే రేకులోంచి 2 మి.మీ. పట్టీలు కత్తిరించుకుని రాడ్డులా వాడండి, అతుకు రేకుతో పాటే సాగుతుంది.

గ్యాసు వెల్డింగ్ అతుకు ఇంకా మెత్తగా వస్తుంది, పాత కారు బాడీలు అట్లా చేసినవే. కాని ఫ్లక్స్ (అతుకు శుభ్రంగా కలవడానికి పూసే మందు) నుంచి లేచే పసుపు వెలుగులో కరిగిన గుంట కనబడదు, మామూలు ముదురు అద్దం సాయం చేయదు. పైగా ఫ్లక్స్ కొంచెం మిగిలినా రంగు కింద తెల్ల పొడిలా పొంగుతుంది. వేడి నీళ్ళు పోస్తూ రెండు వైపులా బ్రష్‌తో కడగాలి. చేయి తిరగనివాళ్ళకు ఆర్గానే మేలు.

వెల్డింగ్ అయ్యాక అతుకు పొడవునా రేకు కుదించుకుపోయి లోయలా దిగుతుంది. పుట్టీ పెట్టి మూయొద్దు. వెనక డాలీ ఆనించి అతుకు మీదే తేలిగ్గా కొట్టండి, కుదించుకున్నదంతా మళ్ళీ సాగుతుంది. తర్వాత ఫైలు. గ్రైండర్ ఈ మందానికి పనికిరాదు.

16 గేజి మాటకొస్తే, కొత్త చేతులకు అదే మంచిదని నా అభిప్రాయం, ఫైలుకూ వెల్డింగ్‌కూ మందం మిగులుతుంది. 8 బై 4 షీటు 18 గేజి 9.6 కిలోలు, 16 గేజి 12.9. షీటుకు మూడు కిలోలకు భయపడాల్సింది లేదు.

అనంతపురం_ఛాసీ

మందం కొలిస్తే నడుమ 0.9 వచ్చింది, ముక్క నిలబెడతాం. చీలిక మొనలో 2.5 మి.మీ. రంధ్రం వేసి ఆపినాము. ఇంకో రెండు: లోపల ఇనుప పైపుల ఫ్రేము పెట్టి దాని మీద రేకు తొడగొచ్చా? ఆర్.టి.ఓ. కాడ వింటేజ్ కింద పోతుందా?

పెన్నా_గ్యారేజ్

రెండోదే ముందు చెప్తాను, అది తేలాకే మిగతా రేకు కొనండి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటడం ఒక్కటే చాలదు. ఛాసీలో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి ఈ బండికి వీఏ సిరీస్ (వింటేజ్ బండ్లకిచ్చే నంబరు) రాదు. మామూలు రిజిస్ట్రేషన్ మీద తిప్పాలన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ (తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదనేది) అడ్డం వస్తుంది. పాత బాడీ ఎంత తుప్పు పట్టినా పారేయకండి.

పైపుల ఫ్రేము పెట్టొచ్చు. మిలాన్‌లో టూరింగ్ వాళ్ళు 1930ల్లో సూపర్‌లెగ్గెరా పేరుతో చేసింది అదే: సన్న ఉక్కు పైపుల మీద అల్యూమినియం చర్మం. ఇనుమూ అల్యూమినియమూ నేరుగా తాకి నడుమ తేమ చేరితే అల్యూమినియమే తినుకుపోతుంది. అనంతపురంలో వానలెక్కడ అనుకోవద్దు, బండి కడిగిన నీళ్ళు చాలు. పైపుకు ఎపాక్సీ ప్రైమరు వేసి, తాకే ప్రతి చోటా ఫెల్ట్ గానీ రబ్బరు పట్టీ గానీ పెట్టండి. అంచు మడతలో కూడా ఇనుప తీగ బదులు 3 మి.మీ. అల్యూమినియం తీగ వేయండి, మడతకు తీగ మందానికి రెండున్నర రెట్లు, అంటే 7-8 మి.మీ. రేకు వదలాలి.

బోల్టు రంధ్రాలు పొడుగ్గా కోయండి. 1.5 మీటర్ల బానెట్ 40 డిగ్రీల తేడాకు 1.4 మి.మీ. సాగుతుంది, కింద ఇనుము 0.7 మాత్రమే. డిసెంబరు పొద్దున బిగించింది మే ఎండలో ఉబ్బుతుంది.

హెరాల్డ్‌కు ప్రత్యేకంగా మూడు. ముందు చక్రాలు చాలా తిరుగుతాయి, 25 అడుగుల్లో బండి మొత్తం తిరుగుతుంది. మడ్‌గార్డు లోపలి కొలత స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, స్ప్రింగు పూర్తిగా అణచి తీసుకోండి. వెనక స్వింగ్ యాక్సిల్ (చక్రంతో పాటే పైకీ కిందికీ వాలే ఇరుసు) కాబట్టి చక్రం పైకి లేచేకొద్దీ వాలు మారుతుంది; జాకీ మీద ఉన్నప్పుడు తీసిన కొలత పనికిరాదు. ఛాసీ కూడా కొంచెం ఊగే రకమే. ఇంజన్, సీట్లు, ట్యాంకు ఎక్కించి, బండి నాలుగు చక్రాల మీద నిలబెట్టాకే తలుపుల సందు 4-5 మి.మీ.కి సర్దండి.

కర్నూలు_టింకరింగ్

ఒకటి మరిచినా. ఆ చీలిక వెల్డ్ చేసే ముందు చుట్టూ కాల్చండి, గట్టి అంచు మీద నేరుగా వేస్తే పక్కనే ఇంకోటి పుడుతుంది. అది సరిచేసి, అలలన్నీ కుదించినాకనే వీల్ మీదకు తీసుకుపోండి.